దూరాన్ని ఎవరు మోయాలి? దీవులు, శ్రామికులు, విశ్వవిద్యాలయాలు

(శ్రీ విజయపురం, డైరీ ఫార్మ్‌లో తెలుగు ఉద్యోగ కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ పాఠం బులెటిన్ ద్వారా మెయిన్‌లాండ్‌లోని రైల్వే సోదరులకు కూడా చేరుతుంది. మన దీవులలో రైలు పట్టా లేదు. అయినా విజయనగరంలోని ట్రాక్‌మన్ కుమార్తె చదువూ, డైరీ ఫార్మ్‌లోని పోస్ట్‌మన్ కుమారుని చదువూ ఒకే ప్రశ్నకు ముడిపడి ఉన్నవి. ఆ ప్రశ్న గురించే ఈనాడు మాట్లాడదలచాను.

నాకు అప్పగించిన విషయం 'వివిధ దేశాలలో విశ్వవిద్యాలయాలు'. ఆక్స్‌ఫర్డ్, హార్వర్డ్, సోర్బాన్ అంటూ పేర్లు చదివి, ఏది ఎంత ప్రాచీనమో, ఏది ఎంత ప్రసిద్ధమో చెప్పి కూర్చోవడం కష్టం కాదు. అటువంటి జాబితా వినడానికి ఇంపుగా ఉంటుంది గాని, మన పిల్లల అడ్మిషన్ ఫారం నింపే వేళ అక్కరకు రాదు. కనుక ఒక్క ప్రశ్నను చేతబట్టుకొని కొన్ని దేశాలు తిరిగి వద్దాము. చదువుకోదలచిన మనిషికీ విశ్వవిద్యాలయానికీ నడుమ ఎప్పుడూ కొంత దూరం ఉంటుంది. అది సముద్రపు దూరం కావచ్చును. డబ్బు వలన ఏర్పడిన దూరం కావచ్చును. డ్యూటీ గంటల వలన ఏర్పడిన దూరం కావచ్చును. ఆ దూరాన్ని ఎవరు మోయాలి? చదువుకునే వాని కుటుంబమా, లేక సమాజమా? ఒక్కొక్క దేశం ఈ ప్రశ్నకు ఒక్కొక్క విధంగా జవాబు చెప్పింది. ఒకే దేశం కాలాన్ని బట్టి జవాబు మార్చుకున్న సందర్భాలు కూడా ఉన్నవి.

సంఘంగా పుట్టిన సంస్థ

ముందుగా మాట పుట్టుకను చూద్దాము. విశ్వవిద్యాలయానికి ఐరోపా భాషలలో ఉన్న పేరు లాటిన్ భాషలోని 'యూనివర్సిటాస్' అనే పదం నుండి వచ్చింది. మధ్యయుగంలో ఆ పదానికి సమస్త విద్యల నిలయం అని అర్థం లేదు. ఒకే పనిలో ఉన్నవారు కలసి కట్టుకున్న సంఘం అని అర్థం. నేతగాండ్రకు, వడ్రంగులకు సంఘాలు ఉన్నట్లే చదువుకునేవారికి, చదువు చెప్పేవారికి కూడా సంఘాలు ఉండేవి.

ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయం 1088లో పుట్టిందని సంప్రదాయంగా చెబుతారు. న్యాయశాస్త్రం చదవడానికి దూరదేశాల నుండి అక్కడికి వచ్చిన విద్యార్థులు ఆ ఊరికి పరాయివారు. ఇంటి అద్దె పెంచినా, సరుకుల ధర పెంచినా అడిగే దిక్కు లేదు. అందుచేత వారు సంఘం కట్టారు. అద్దెల గురించి ఊరివారితోను, ప్రతిఫలం గురించి అధ్యాపకులతోను బేరమాడారు. పాఠం ఆలస్యంగా మొదలుపెట్టిన అధ్యాపకునికి జరిమానా విధించే నియమం కూడా అక్కడ ఉండేది.

పారిస్‌లో సంఘం కట్టినవారు అధ్యాపకులు. 1229లో ఒక అల్లరి సందర్భంలో నగర రక్షకుల చేతిలో విద్యార్థులు కొందరు మరణించారు. అధ్యాపకులు పాఠాలు ఆపివేశారు. చాలామంది నగరాన్నే విడిచి వెళ్ళారు. ఆ సమ్మె సుమారు రెండు సంవత్సరాలు సాగింది. 1231లో పోప్ తొమ్మిదవ గ్రెగరీ జారీ చేసిన శాసనం, న్యాయం జరగనప్పుడు పాఠాలు నిలిపివేసే హక్కును సైతం అధ్యాపకులకు ఇచ్చింది.

సంఘం, బేరం, సమ్మె. ఇవి మన నిత్యజీవితపు మాటలే. ఉన్నత విద్య గురించి మాట్లాడటానికి కార్మిక సంఘానికి ఏమి సంబంధం అని ఎవరైనా అడిగితే, విశ్వవిద్యాలయమే మొదట ఒక సంఘమని మనం చెప్పవచ్చును.

సముద్రపు దూరం

ఇక మన దీవులకు వద్దాము. ఇక్కడ జవాహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం 1967లో మొదలైంది. అది తొలుత చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. బంగాళాఖాతం నడుమ చదివినవారికి హిమాలయాల దిగువనున్న నగరం పట్టా ఇచ్చేది. 1985లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత మన కళాశాలలు దాని పరిధిలోకి వెళ్ళి, దశాబ్దాల పాటు ఆ విశ్వవిద్యాలయపు పట్టాలనే ఇస్తూ వచ్చాయి. 1984లో పాలిటెక్నిక్ వచ్చింది. 1990లో మాయాబందర్‌లో మహాత్మా గాంధీ ప్రభుత్వ కళాశాల వచ్చింది. 2015లో వైద్య కళాశాల వచ్చింది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం సముద్ర అధ్యయన శాఖను ఇక్కడ నెలకొల్పింది. ఇవి చిన్న విషయాలు కావు. వీటిలో ప్రతి ఒక్కటీ కొన్ని వందల ఇళ్ళకు ఓడ ప్రయాణం తప్పించింది.

అయినా ఇక్కడ లేని కోర్సు కావలసిన పిల్లవాడు నేటికీ చెన్నైకో, కలకత్తాకో, విశాఖపట్నానికో వెళ్ళాలి. ఆ రేవులు వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నవి. ఓడలో అయితే సుమారు మూడు రోజుల ప్రయాణం. తరువాత హాస్టల్ రుసుము, మెస్ బిల్లు, సెలవులకు రాకపోకల ఖర్చు. కాలేజీ ఫీజు అందరికీ ఒకటే కావచ్చును గాని, దానికి పైన పడే సముద్రపు ఫీజు దీవి కుటుంబమే చెల్లిస్తుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు ఉండి ఒకరినే పంపగలిగినప్పుడు ఎవరు ఆగిపోతారో ఈ సభలోని తల్లులకు నేను చెప్పనక్కరలేదు. చాలా ఇళ్ళలో ముందుగా ఆగిపోయేది ఆడపిల్ల చదువే.

'ఇంత చిన్న జనాభాకు విశ్వవిద్యాలయం ఎందుకు?' అనేవారు ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభా 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు పదముగ్గురు. ఈ సంఖ్య ఒక విశ్వవిద్యాలయానికి చాలదా? ఇతర దీవుల అనుభవాన్ని చూద్దాము.

ఉత్తర అట్లాంటిక్‌లోని ఐస్‌లాండ్ 1911లో తన విశ్వవిద్యాలయాన్ని స్థాపించుకున్నది. ఆనాటికి అది డెన్మార్క్ రాజు పాలనలోనే ఉన్నది. జనాభా సుమారు ఎనభై ఐదు వేలు. మొదటి సంవత్సరం చేరిన విద్యార్థులు నలభై ఐదుగురు. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవులు తొమ్మిది. వాటి జనాభా రెండు లక్షల నలభై వేల లోపే, అంటే మనకంటె తక్కువ. 1976లో అక్కడ ఉన్నత విద్యాసంస్థ ఏర్పడి విశ్వవిద్యాలయంగా ఎదిగింది. దాని ప్రాంగణాలు మూడు వేర్వేరు దీవులలో ఉన్నవి.

వెస్టిండీస్ కథ మనకు మరింత దగ్గరగా ఉంటుంది. 1948లో జమైకాలోని మోనాలో, లండన్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఒక కళాశాల మొదలైంది. మొదటి జట్టులో ముప్పై ముగ్గురు వైద్య విద్యార్థులు. సముద్రానికి అవతల ఉన్న సంస్థ పట్టా ఇచ్చే ఏర్పాటు మనకు తెలిసినదే. అయితే వారు అక్కడే ఆగిపోలేదు. 1962లో అది స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. ట్రినిడాడ్‌లోను, బార్బడోస్‌లోను ప్రాంగణాలు వెలిశాయి. క్రికెట్ జట్టు వలెనే ఆ విశ్వవిద్యాలయం కూడా అనేక దీవులకు ఉమ్మడి ఆస్తి.

పసిఫిక్ మహాసముద్రంలో 1968లో ఏర్పడిన దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయానికి పన్నెండు చిన్న దేశాలు యజమానులు. ప్రధాన స్థానం ఫిజీ రాజధాని సువాలో, ఒకప్పుడు నీటిపై దిగే సైనిక విమానాలకు స్థావరమైన చోట ఉన్నది. వేల కిలోమీటర్లు విస్తరించిన ఆ దీవుల విద్యార్థులతో మాట్లాడటానికి ఆ సంస్థ 1970ల నుండే ఉపగ్రహ సంబంధాన్ని వాడుకున్నది. విద్యార్థులందరినీ సువాకు రప్పించుకోకుండా, సభ్యదేశాలలో తానే కేంద్రాలు తెరిచింది. ఫిజీ చెరకు తోటలకు గిర్‌మిట్ కూలీలుగా మద్రాసు రేవు నుండి వెళ్ళినవారిలో మన తెలుగువారు కూడా ఉన్నారన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

మారిషస్ సంగతి కూడా చెప్పాలి. పందొమ్మిదవ శతాబ్దంలో కోరంగి మొదలైన రేవుల నుండి ఆ దీవికి తెలుగు కూలీలు వెళ్ళారు. మారిషస్‌కు 1968లో స్వాతంత్ర్యం వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందే, 1965లో, అక్కడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1970లో స్థాపితమైన మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు కూడా బోధిస్తారు. 2019 నుండి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో మొదటి డిగ్రీ చదివే స్థానిక విద్యార్థులకు ఫీజు రద్దు చేశారు.

చిన్న విశ్వవిద్యాలయం నాసిరకంగా ఉంటుందేమో అనే భయం న్యాయమైనదే. అధ్యాపకుల ఖాళీలు నింపక, ప్రయోగశాలకు డబ్బు ఇవ్వక, బోర్డు మాత్రం మార్చితే అది పేరుకే విశ్వవిద్యాలయం అవుతుంది. వెస్టిండీస్ వారు పద్నాలుగేళ్ళ పాటు లండన్ ప్రమాణాలతో పరీక్షలు రాయించి, ఆ తరువాతనే సొంత పట్టా ఇచ్చారు. కనుక రేపు ఈ దీవులలో కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చినా, డీమ్డ్ విశ్వవిద్యాలయం వచ్చినా, మరే పేరుతో వచ్చినా మనం అడగవలసిన ప్రశ్నలు అవే. పట్టాకు దేశమంతటా గుర్తింపు ఉంటుందా? ఫీజు ఎవరు నిర్ణయిస్తారు? శాశ్వత అధ్యాపకులు ఎంతమంది? ఆడపిల్లలకు హాస్టల్ ఉన్నదా? ఒక సంస్థ గొడుగు క్రింది నుండి మరొక దాని క్రిందికి మారేటప్పుడు, మధ్యలో చదువుతున్న పిల్లల పట్టాల గతి ఏమిటి? వీటికి వ్రాతపూర్వకమైన జవాబు రావాలి.

మరొక మాట. డైరీ ఫార్మ్‌లో ఉన్న మనకు కళాశాల ఊళ్ళోనే ఉన్నది. కాని కార్ నికోబార్ పిల్లకు ఈ ఊరు రావడమే సముద్ర ప్రయాణం. డిగ్లీపూర్ పిల్లవానికి ఇది పగలంతా పట్టే ప్రయాణం. మనకు మెయిన్‌లాండ్ ఎంత దూరమో వారికి మనం అంత దూరం. స్కాట్లండ్‌లో 2011లో హోదా పొందిన హైలాండ్స్ అండ్ ఐలాండ్స్ విశ్వవిద్యాలయం ఒకే ఊరిలో కట్టిన భవనం కాదు. ఆర్క్నీ, షెట్లాండ్ దీవులలో ఉన్న కళాశాలలతో సహా అనేక కళాశాలలను కూర్చి ఏర్పరచినది. మనం కోరే విశ్వవిద్యాలయం కూడా రాజధానిలో ఆగిపోరాదు.

డబ్బు దూరం

రైల్వే సోదరులారా, మీలో చాలామందికి సముద్రం అడ్డం లేదు. విశాఖపట్నంలో 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదులో 1918 నాటి ఉస్మానియా విశ్వవిద్యాలయం రైలు అందే దూరంలో ఉన్నవి. కాని గేటు ముందుకు చేరిన తరువాత ఫీజు అనే మరో దూరం మొదలవుతుంది.

ఇంగ్లండులో ఒక కాలంలో స్థానిక విద్యార్థులు పూర్తికాలపు డిగ్రీకి ఫీజు చెల్లించేవారు కారు. 1998లో సంవత్సరానికి వెయ్యి పౌండ్ల ఫీజు వచ్చింది. 2006లో పరిమితి మూడు వేలు, 2012లో తొమ్మిది వేల పౌండ్లు అయింది. పదునాలుగేళ్ళలో తొమ్మిది రెట్లు. అమెరికాలో విద్యార్థుల అప్పు మొత్తం 1.6 లక్షల కోట్ల డాలర్లు దాటింది. అక్కడ నడివయసు వచ్చినవారు కూడా తమ కళాశాల అప్పు వాయిదాలు కడుతూనే ఉన్నారు.

అయితే ఫీజు ఒకసారి వస్తే పోదు అనుకోవడం సరికాదు. జర్మనీలో 2005 నాటి రాజ్యాంగ న్యాయస్థానపు తీర్పు తరువాత అనేక రాష్ట్రాలు సెమిస్టరుకు ఐదు వందల యూరోల ఫీజు విధించాయి. విద్యార్థులు, కార్మిక సంఘాలు, తల్లిదండ్రులు ఎదిరించారు. ఒక్కొక్క రాష్ట్రమే వెనుకకు తగ్గింది. 2014లో చివరి రాష్ట్రమైన లోయర్ సాక్సనీ కూడా ఆ ఫీజును రద్దు చేసింది. చిలీలో 1981 నాటి సైనిక ప్రభుత్వం విశ్వవిద్యాలయాలను ఫీజుల బాటలో నడిపించింది. ముప్పై ఏళ్ళ తరువాత, 2011లో విద్యార్థులు నెలల తరబడి వీధులలో నిలిచారు. 2016 నుండి తక్కువ ఆదాయం గల కుటుంబాల పిల్లలకు ఉచిత విద్య మొదలైంది. అర్జెంటీనాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఫీజును 1949లో రద్దు చేశారు. 2024 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాల బడ్జెట్ రక్షణకై అక్కడ లక్షలాది జనం ఊరేగింపులు తీశారు. విద్యార్థులతో పాటు కార్మిక సంఘాలు కూడా నడిచాయి.

ఫీజు లేకపోయినంత మాత్రాన కార్మికుని బిడ్డ కళాశాలకు చేరుతాడా? జర్మనీలోనే పది, పన్నెండేళ్ళ వయసులో పిల్లలను వేర్వేరు రకాల బడులకు విడదీస్తారు. చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలే విశ్వవిద్యాలయానికి దారితీసే బడిలో ఎక్కువగా కనబడతారు. కనుక ఫీజు రద్దు అవసరమే గాని, అదొక్కటే చాలదు. హాస్టల్, స్కాలర్‌షిప్, మంచి హైస్కూలు అన్నీ కలిస్తేనే గేటు నిజంగా తెరుచుకుంటుంది.

మన విషయంలో ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు పిల్లల విద్యా భత్యం ఉన్నది. ఏడవ వేతన సంఘం తరువాత అది నెలకు 2,250 రూపాయలు. కరవు భత్యం యాభై శాతానికి చేరిన మీదట 2024 జనవరి నుండి 2,812.50 రూపాయలు అయింది. హాస్టల్ సబ్సిడీ కూడా ఉన్నది. కాని ఇవి నర్సరీ నుండి పన్నెండవ తరగతి వరకే. పదవ తరగతి తరువాత డిప్లొమాలో చేరినవారికి మొదటి రెండు సంవత్సరాలు వర్తిస్తాయి. డిగ్రీకి లేవు. అంటే బిడ్డ ఇంటి అన్నం తింటూ ప్రక్క వీధి బడికి వెళ్ళినంత కాలం భత్యం వస్తుంది. ఓడ ఎక్కి మెస్ బిల్లు కట్టవలసిన నాడు ఆగిపోతుంది. ఖర్చు మొదలయ్యే చోట సహాయం ముగిసే నియమం ఇది. దీనిని మార్చమని కోరడం దయను కోరడం కాదు. దూరంలో ఒక భాగాన్ని యజమాని కూడా మోయాలన్న న్యాయమైన కోరిక.

డ్యూటీ గంటల దూరం

ఇంతవరకు పిల్లల గురించి మాట్లాడాను. ఉద్యోగుల మాట ఏమిటి? పద్దెనిమిదేళ్ళకే ఉద్యోగంలో చేరి, చదువు మధ్యలో ఆపినవారు మనలో ఎందరో ఉన్నారు. వారికి కళాశాల ప్రక్క వీధిలో ఉన్నా దూరమే. తరగతి పది గంటలకు, బీటు కూడా పది గంటలకే.

ఈ దూరాన్ని మొదట తగ్గించినది తపాలా వ్యవస్థ. 1840లో బ్రిటన్‌లో పెన్నీ తపాలా మొదలైన కాలంలోనే ఐజాక్ పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్ పాఠాలను ఉత్తరాల ద్వారా పంపడం ఆరంభించాడు. అభ్యాసకులు వ్రాసి పంపిన దానిని దిద్ది మరల పంపేవాడు. 1858లో లండన్ విశ్వవిద్యాలయం, ఎక్కడ చదివినా సరే పరీక్ష నెగ్గినవారికి పట్టా ఇస్తామని ప్రకటించింది. 1865లోనే ఆ పరీక్షలు మారిషస్‌లో జరిగినవి. గోడలు లేని విశ్వవిద్యాలయాన్ని ఎవరు మోశారు? ఓడలోని మెయిల్ బ్యాగు, రైలులోని సార్టింగ్ బండి, గడప వరకు నడిచిన పోస్ట్‌మన్. దూరవిద్య చరిత్రలో ఆచార్యుల పేర్లు ఉంటాయి. కాని సార్టర్ పేరు ఉండదు. ఆ చరిత్రలో మన శాఖలు రెండింటికీ భాగం ఉన్నది.

బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీకి 1969లో అనుమతి వచ్చింది. 1971లో పాఠాలు మొదలైనవి. దానిని పట్టుబట్టి సాధించిన మంత్రి జెన్నీ లీ, స్కాట్లండ్‌లోని ఒక బొగ్గుగని కార్మికుని కుమార్తె. ఆ విశ్వవిద్యాలయంలో చేరడానికి పూర్వపు సర్టిఫికెట్ అక్కరలేదు. అయితే పాఠం తేలిక కారాదని, పట్టా విలువ ఇతర పట్టాలకు తీసిపోరాదని ఆమె గట్టిగా నిలిచింది. ప్రవేశం సులభం, ప్రమాణం ఉన్నతం. పనిచేసే మనిషికి ఇవ్వవలసిన గౌరవం అది.

భారతదేశంలో ఈ పని మొదట చేసినది తెలుగు నేల. 1982లో హైదరాబాదులో ఆంధ్ర ప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం స్థాపితమైంది. దేశంలో అదే మొదటిది. ఇంటర్ చదవనివారు కూడా అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరడానికి అది వీలు కల్పించింది. తెలుగులో పాఠ్యపుస్తకాలు ఇచ్చింది. తరువాత దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దాని మొదటి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. 1985లో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అనగా ఇగ్నో, ఏర్పడినప్పుడు దానికీ ఆయనే మొదటి ఉపకులపతి. ఇగ్నో ప్రాంతీయ కేంద్రం మన ఊరిలోనే ఉన్నది.

అయినా పుస్తకం ఇంటికి వచ్చినంత మాత్రాన చదువు పూర్తికాదు. దూరవిద్యలో పేరు నమోదు చేసుకొని మధ్యలో మానుకునేవారు ఎక్కువ. కారణం తెలివి లేక కాదు, తీరిక లేక. చదువుకు పని గంటలలో చోటు ఇవ్వాలన్న ఆలోచన ఇక్కడే పుడుతుంది. 1973లో ఇటలీ లోహ కార్మికులు తమ వేతన ఒప్పందంలో ఒక కొత్త హక్కు సాధించారు. మూడేళ్ళలో నూట యాభై గంటలు జీతంతో కూడిన చదువు సమయం. దాని వలన వేలాది కార్మికులు ఆగిపోయిన బడి చదువు పూర్తి చేశారు. కొందరు విశ్వవిద్యాలయాల తరగతులకు కూడా వెళ్ళారు. మరుసటి సంవత్సరం, 1974లో, అంతర్జాతీయ కార్మిక సంస్థ వేతనంతో కూడిన విద్యా సెలవు గురించి 140వ ఒప్పందాన్ని ఆమోదించింది. దానిని భారతదేశం ధ్రువీకరించలేదు.

మనకు ఉన్నది 1972 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల సెలవు నిబంధనలలోని స్టడీ లీవ్. ఐదేళ్ళ సర్వీసు నిండినవారికి, విధులతో దగ్గర సంబంధం గల చదువుకు, మొత్తం సర్వీసులో ఇరవై నాలుగు నెలల వరకు అది లభించవచ్చును. రైల్వేలకు వేరు నియమావళి ఉన్నది. అయితే సెలవు హక్కు కాదు, మంజూరు చేసేది అధికారి. పై చదువులకు వెళ్ళే అధికారికి పనికివచ్చే ఈ నియమం, బి.ఏ. పూర్తి చేయదలచిన పోస్ట్‌మన్‌కు అందడం అరుదు. గ్రామీణ డాక్ సేవకులకు ఈ నిబంధనలే వర్తించవు. కనీసం పరీక్షల రోజులకు, కాంటాక్ట్ తరగతుల రోజులకు జీతంతో కూడిన సెలవు కావాలి. ఇది పెద్ద కోరిక కాదు. ఇటలీ కార్మికుడు యాభై ఏళ్ళ క్రితమే సాధించినది.

జైలులో వెలిగిన దీపం

ఈ ఊరిలో చదువు గురించి మాట్లాడుతూ సెల్యులార్ జైలును తలచకుండా ఉండలేము. 1933 మే నెలలో అక్కడి రాజకీయ ఖైదీలు నిరాహార దీక్ష పూనారు. మంచి ఆహారంతో పాటు వారు అడిగినవి ఏమిటి? గదిలో వెలుతురు, పుస్తకాలు, పత్రికలు. బలవంతంగా ఆహారం ఎక్కించే ప్రయత్నాలలో మహావీర్ సింగ్, మోహిత్ మైత్రా, మోహన్ కిశోర్ నామదాస్ ప్రాణాలు కోల్పోయారు. నలభై ఆరు రోజుల తరువాత దీక్ష ముగిసింది. దీపం వచ్చింది, పుస్తకాలు వచ్చాయి. ఆ గదులలోనే ఖైదీలు చరిత్ర, అర్థశాస్త్రం చదివే తరగతులు నడుపుకున్నారు. దక్షిణాఫ్రికాలో రాబెన్ దీవి జైలు ఖైదీలు కూడా తపాలా ద్వారా ఆ దేశపు దూరవిద్యా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. నెల్సన్ మండేలా న్యాయశాస్త్ర పట్టాను 1989లో, ఇంకా ఖైదులో ఉండగానే, ఆ విశ్వవిద్యాలయం నుండే పొందారు.

చదువుకునే వెలుతురు కొరకు ప్రాణాలు ఇచ్చినవారి ఊరిలో మనం నివసిస్తున్నాము. దీనిని కేవలం పర్యాటకులకు చూపించే కథగా మిగల్చరాదు.

మనం చేయవలసినది

ఇక ఆచరణకు వద్దాము. మొదటిది, విద్యా భత్యాన్ని, హాస్టల్ సబ్సిడీని మొదటి డిగ్రీ వరకు పొడిగించాలన్న కోరికను మన శాఖలన్నీ తీర్మానంగా పంపాలి. దీవులలో పనిచేసేవారి పిల్లలకు ప్రయాణ ఖర్చును అందులో చేర్చాలి. రెండవది, పరీక్షలకు, కాంటాక్ట్ తరగతులకు వేతనంతో కూడిన సెలవు డాక్ సేవకులతో సహా అందరికీ కావాలి. మూడవది, ఈ దీవుల విశ్వవిద్యాలయం గురించి జరిగే ప్రతి చర్చలోను విద్యార్థుల ప్రక్కన వారి తల్లిదండ్రులుగా, కార్మికులుగా మనం కూర్చోవాలి. నాలుగవది ఎవరినీ అడగనక్కరలేనిది. యూనియన్ గదిని వారానికి రెండు సాయంత్రాలు చదువు గదిగా మార్చవచ్చును. ఇగ్నోలో చేరిన ఐదుగురు విడివిడిగా చదివితే ముగ్గురు మానుకోవచ్చును. ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే ఒకరినొకరు నిలబెట్టుకుంటారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు మన మధ్యనే ఉన్నారు. పిలిస్తే వస్తారు.

ఇక్కడ ఒక అపార్థం తొలగించాలి. ఇక్కడే విశ్వవిద్యాలయం కావాలనడం, పిల్లలు దీవి దాటి పోరాదనడం కాదు. పోదలచిన వారు హైదరాబాదుకు, ఢిల్లీకి, బెర్లిన్‌కు పోవాలి. అయితే ఇష్టపడి ఓడ ఎక్కడం వేరు, దిక్కులేక ఎక్కడం వేరు. ఎక్కలేక రేవులో మిగిలిపోవడం మరీ వేరు. పోయేవారికి సహాయం, ఉండేవారికి సంస్థ. ఈ రెండూ కావాలి.

ఐస్‌లాండ్ జాలరులు గాని, జమైకా చెరకు కూలీలు గాని సంపద పెరిగిన తరువాత చదువు సంగతి చూద్దామని ఆగి ఉంటే, వారి మనుమలు నేటికీ ఆగే ఉండేవారు. సోదరులారా, ఉత్తరం ఎంత దూరం పోవాలన్నా దేశమంతటికీ ఒకే తపాలా బిళ్ళ చాలును. కన్యాకుమారికైనా, క్యాంప్‌బెల్ బేకైనా ఒకటే వెల. దూరపు భారాన్ని అందరం పంచుకుంటామని ఈ దేశం ఉత్తరం విషయంలో ఎన్నడో ఒప్పుకున్నది. ఉత్తరానికి ఇచ్చిన న్యాయాన్ని చదువుకు కూడా ఇమ్మని అడుగుదాము. ఆ ఉత్తరాన్ని మోసేవారిగా, మోసిన బండిని నడిపేవారిగా అడిగే అర్హత మనకంటె ఎవరికీ లేదు.